రెండు కంప్యూటర్లు ఒకదానికొకటి కనిపించట్లేదా?

షేర్ చేసిన ఫోల్డర్ తెరుచుకోకపోతే వెంటనే సెట్టింగులన్నీ మార్చేయకండి. ముందు రెండు విండోస్ కంప్యూటర్లలోనూ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) కొట్టి, ఐపీవీ4 అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్ నంబరు, చూడండి. దాని కిందే కనిపించే సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 అయితే అడ్రస్‌లో చుక్కలతో విడదీసిన మొదటి మూడు సంఖ్యలు రెండింట్లోనూ ఒకటే ఉండాలి: 192.168.1.10, 192.168.1.12 లాగా. 169.254తో మొదలైతే రూటర్ నుంచి అడ్రస్ రాలేదన్నమాట. కేబుల్‌నో వైఫైనో చూసుకోవాలి. ఒకటి గెస్ట్ వైఫైలో ఉందేమో కూడా చూడండి, చాలా రూటర్లు అక్కడి పరికరాలను మిగతావాటితో కలవనివ్వవు.

అడ్రస్‌లు సరిగ్గానే ఉంటే, కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ (ping) అని, పక్కన అవతలి కంప్యూటర్ ఐపీ అడ్రస్ కొట్టి అది అందుతోందేమో చూడండి. ఈ పింగ్‌కి జవాబు రాలేదా? లైన్ తెగిందని అనుకోనక్కర్లేదు. నెట్‌వర్క్ ప్రొఫైల్ (ఈ నెట్‌వర్క్‌ని ఎంత నమ్మాలో విండోస్‌కి చెప్పే సెట్టింగ్) పబ్లిక్‌లో ఉంటే, బయటి నుంచి వచ్చేవాటిని అడ్డుకునే ఫైర్‌వాలే పింగ్‌ని ఆపేస్తుంది. ఒకవైపు నుంచి మాత్రమే పింగ్ వెళ్తోందంటే దాదాపుగా ఇదే కారణం. జవాబివ్వని కంప్యూటర్లో ప్రొఫైల్‌ని ప్రైవేట్‌కి మార్చి, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ ఆన్ చేయండి. ఫైర్‌వాల్‌ని పూర్తిగా ఆపేయమని చెప్పేవాళ్ల మాట వినకండి, అంత అవసరం లేదు.

పింగ్‌కి జవాబు వస్తున్నా కంప్యూటర్ పేరుతో ఫోల్డర్ తెరుచుకోకపోతే, ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ బార్‌లో రెండు బ్యాక్‌స్లాష్‌లు పెట్టి నేరుగా ఐపీ అడ్రస్ కొట్టండి. అలా తెరుచుకుంటే తేడా పేరు దగ్గరే.

పాస్‌వర్డ్ అడిగితే అవతలి కంప్యూటర్ అకౌంట్ పాస్‌వర్డ్ ఇవ్వాలి. లాగిన్ పిన్ ఇక్కడ పనిచేయదు. అసలు పాస్‌వర్డే లేని అకౌంట్‌ని విండోస్ నెట్‌వర్క్ ద్వారా రానివ్వదు, ఒకటి పెట్టుకోవాల్సిందే.