కుట్టని తేనెటీగల గూటిని రెండు చేసేటప్పుడు కొత్త రాణి జతకట్టేలా చూడడం

విశాఖపట్నంలో పాత ఇళ్ల గోడ పగుళ్లలోనూ సింహాచలం కొండవాలులోని చెట్ల తొర్రల్లోనూ గూడు కట్టే కుట్టని తేనెటీగలను పెట్టెలో పెంచేవారు, గూటిని విడదీసే ముందు ఒక విషయం గ్రహించాలి. మామూలు తేనెటీగల్లో పాత రాణి గుంపుతో లేచిపోతుంది. వీటిలో తల్లి రాణి పొట్ట గుడ్లతో ఉబ్బి ఎగరలేదు కనుక కొత్త గూటికి వెళ్లేది కన్య రాణే. అదీ కూలి ఈగలు పాత గూటి నుంచి మైనం, జిగురు, తేనె, పుప్పొడి రోజుల తరబడి మోసి ఇల్లు సిద్ధం చేశాకే. విభజనలో ఆ ఏర్పాటంతా మనమే చేయాలి.

జీడి, మామిడి పూతకొచ్చే కాలం ఇందుకు అనువైనది. తుపానుల అక్టోబరు, నవంబరు నెలల్లో గూటిని కదపరాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకినప్పుడు నగరంలో ఎన్ని చెట్లు కూలాయో చూసినవారికి కారణం వేరే చెప్పనక్కరలేదు.

ఎండ కాసే ఉదయం పెట్టె తెరిచి, ద్రాక్షగుత్తిలా ఉండే పిల్లగదుల అంచున మిగతావాటికంటే పెద్దదైన రాణి గదిని వెతకాలి. కనిపించకపోతే మూసేసి కొన్ని వారాలు ఆగడమే మేలు. కనిపిస్తే, దానితోపాటు లేతరంగు గదులను కొత్త పెట్టెలోకి మార్చాలి, ఎందుకంటే వాటిలో బయటికి రాబోయే ఈగలుంటాయి. గుడ్డు ఈగ కావడానికి సుమారు నెలన్నర పడుతుంది కనుక కొత్త రాణి సంతానం అందివచ్చేదాకా ఆ గూటికి ఇవే దిక్కు. ముదురు రంగు గదుల్లో గుడ్డు ద్రవాహారం మీద నిలిచి ఉంటుంది, వాటిని బోర్లించకూడదు. తేనె ఒలికితే ఫోరిడ్ అనే చిన్న ఈగలు (ఇవి తేనెటీగలు కావు) చేరి గూటిని పాడుచేస్తాయి. కొత్త పెట్టెను పాతదాని చోటే ఉంచి, తల్లి రాణి ఉన్నదాన్ని దూరం జరిపితే మేతకు వెళ్లిన ఈగలు కొత్త గూటికే చేరి బలమిస్తాయి.

తర్వాత పెట్టె ముందు ఈగలు గుంపుగా తిరుగుతూ, సాయంత్రం దగ్గరి కొమ్మల మీద వాలితే కంగారుపడవద్దు. కాళ్లకు పుప్పొడి లేని ఆ ఈగలు, చుట్టుపక్కల గూళ్ల నుంచి కన్య రాణి కోసం వచ్చిన పోతుటీగలు, అంటే మగ ఈగలు. రాణి సాధారణంగా ఒకే పోతుటీగతో కలిసి, ఆ వీర్యంతోనే జీవితాంతం గుడ్లు పెడుతుంది. అందుకే ఆ మగ ఈగ దగ్గరి రక్తసంబంధమైతే, కూలి ఈగలు కావలసిన గుడ్లలో సగందాకా పనికిరాని మగవిగా మారి గూడు క్షీణించవచ్చు. మీ పెట్టెలన్నీ ఒకే గూటి సంతతైతే, వేరే పేటలో పెంచేవారితో ఒక పెట్టె మార్చుకోండి. ఈ రోజుల్లో పెట్టెను కదిలించడం, దగ్గర దోమల పొగ వదలడం బొత్తిగా కూడదు. విహారానికి వెళ్లిన రాణి తన ద్వారం వెతుక్కుంటూ తిరిగి రావాలి.

కొన్ని వారాల తర్వాత మూత కాస్త ఎత్తి చూసినప్పుడు ముదురు రంగు కొత్త గదులు వరుసగా కట్టి ఉంటే రాణి జతకట్టి గుడ్లు పెడుతున్నట్టే. లేకపోతే ఆలస్యం చేయక మరో గూటి రాణి గదిని అందులో ఉంచాలి.