ములుగు జిల్లాలో పాత గుళ్లు, చెరువులు తీరిగ్గా చూడటం ఎలా?

హైదరాబాద్ నుంచి పొద్దున బయల్దేరి, రామప్ప గుడి ముందు నాలుగు ఫొటోలు దిగి, రాత్రికి ఇంటికి చేరేవాళ్లు చాలామంది. అలా చేయకండి. కనీసం రెండు రోజులు పెట్టుకోండి. కాకతీయుల కాలంలో గుడి కట్టిన చోట చెరువూ తవ్వించారు, దాని కింద పొలాలు సాగయ్యాయి. ఇవన్నీ కలిపి చూస్తేనే ఆ కాలం కాస్త అర్థమవుతుంది.

1. ముందుగా ప్రయాణం సంగతి. ములుగుకు రైలు లేదు. వరంగల్‌లోనో కాజీపేటలోనో దిగి, హనుమకొండ నుంచి ములుగు బస్సెక్కాలి. అక్కడి నుంచి ఊళ్లు తిరగడానికి ఆటోనో కారో మాట్లాడుకుంటే టెన్షన్ ఉండదు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఎండ తక్కువ, చెరువుల్లో నీళ్లుంటాయి. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర జరుగుతుంది. ఆ రోజుల్లో రోడ్లన్నీ జనమే కాబట్టి, జాతరకు విడిగా రండి.

2. పాలంపేటకు పొద్దున్నే చేరండి. రామప్ప గుడి తూర్పు ముఖంగా ఉంటుంది, లేత ఎండలో శిల్పాలు బాగా కనిపిస్తాయి. లోపలికి వెళ్లేముందు ఆవరణలోని శాసనం దగ్గర ఆగండి. కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఈ గుడి కట్టించాడని మనకు తెలిసింది దానివల్లే. యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా 2021లో గుర్తించింది.

తర్వాత గుడి చుట్టూ నెమ్మదిగా ఒక ప్రదక్షిణ చేయండి. అడుగున వరుసగా నడిచే ఏనుగుల్ని చూడండి, ఆపైన తల ఎత్తండి. చూరు కింద నల్లరాతి మదనికలు, అంటే అందమైన స్త్రీల బొమ్మలు, కనిపిస్తాయి. గుడి గోడలు ఎర్రటి ఇసుకరాయి, ఈ బొమ్మలు మాత్రం గట్టి నల్లరాయి. అంత గట్టి రాతిలో నగల పూసలు కూడా విడివిడిగా చెక్కారు! నేనైతే ఒక్కో మదనిక దగ్గర ఐదు నిమిషాలైనా నిలబడతాను. లోపలి స్తంభాల మీది నాట్య భంగిమల్ని కూడా వదలొద్దు. మరుగున పడిన కాకతీయుల కాలపు పేరిణి నృత్యాన్ని నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ తిరిగి నిలబెట్టినప్పుడు ఆయనకు ఆధారమైనవాటిలో ఈ శిల్పాలూ ఉన్నాయి. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక, కింద పునాదిలో ఇసుక నింపారు. గర్భగుడి ద్వారం దగ్గర వేణుగోపాలుడి బొమ్మను తడితే స్వరాలు పలుకుతాయని చెబుతారు. దయచేసి తట్టకండి, అందరూ తడితే రాయి అరిగిపోతుంది.

3. గుడి అయ్యాక రామప్ప చెరువు కట్ట ఎక్కండి. ఎనిమిది వందల ఏళ్ల నాటి ఆ చెరువు కింద ఇప్పటికీ వరి పండుతోంది.

4. మధ్యాహ్నం పక్క జిల్లాలోని గణపురం కోటగుళ్లకు వెళ్లండి. ఇక్కడ ఒక పెద్ద గుడి, దాని చుట్టూ చిన్న గుళ్లు ఉంటాయి. చాలావరకు శిథిలమైనా, జనం తక్కువ కాబట్టి ప్రశాంతంగా చూడొచ్చు.

5. రెండో రోజు పొద్దున లక్నవరం చెరువు చూసుకుని, తాడ్వాయి వైపు సాగండి. దామరవాయి దగ్గర అడవిలో పెద్ద పెద్ద బండలు నిలబెట్టి కట్టిన ఆదిమ మానవుల సమాధులున్నాయి. వాటిని ఊళ్లో రాక్షస గుళ్లు అంటారు. అటవీ సిబ్బందికి చెప్పి, దారి తెలిసిన ఊరివాళ్లను తోడు తీసుకుని, తాగునీళ్లు పట్టుకుని వెళ్లండి. బండల మీదికి ఎక్కొద్దు. చీకటి పడకముందే తిరిగి రోడ్డు మీదికి రండి.