నడుము పట్టేసిన తర్వాత బార్‌బెల్ దగ్గరికి తిరిగి వెళ్లడం ఎలా: యాభై దాటినవారి కోసం

నా నడుము పట్టుకున్నది పెద్ద బరువు ఎత్తినప్పుడు కాదు. నల్లగొండలో నేను రోజూ వెళ్లే జిమ్‌లో, 57వ ఏట, ఒక డిసెంబరు ఉదయం డెడ్‌లిఫ్ట్ (రెండు చివర్లా ప్లేట్లు తగిలించిన బార్‌ను నేల మీదనుంచి తొడల దాకా లేపడం) సెట్లన్నీ ముగించుకుని, నేల మీద మిగిలిన 15 కిలోల ప్లేటును స్టాండుకు తగిలిద్దామని వంగి, ఒంటిచేత్తో లేపుతూ పక్కకు తిరిగాను. ఎడమవైపు, నడుము కింది భాగంలో, ఎవరో తాడు బిగించి గుంజినట్టయింది. ప్లేటు చేతిలోంచి జారిపోయింది. నేను బార్‌ను నిలిపే చట్రం, అంటే రాక్ కమ్మీ పట్టుకుని సగం వంగినవాణ్ని వంగినట్టే ఉండిపోయాను. ట్రైనర్ కుర్రాడు పరుగెత్తుకొచ్చి “సార్, కూర్చోండి” అన్నాడు కానీ, ఆ కూర్చోవడమే నా వల్ల కాలేదు.

ఈ వయసులోనూ స్క్వాట్ (బరువుతో గుంజీ తీయడం), డెడ్‌లిఫ్ట్, బార్‌ను ఒక్క ఊపున తలపైకి ఎత్తే స్నాచ్, భుజాల దాకా లేపి ఆపై తలపైకి నెట్టే క్లీన్ అండ్ జెర్క్ చేసేవారికి ఇటువంటి ఉదయం ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. అప్పుడు చుట్టూ ఉన్నవారి నుంచి రెండే సలహాలు వస్తాయి. “ఈ వయసులో నీకెందుకయ్యా ఈ బరువులు” అని ఇంట్లోవారు, “రెండు సెట్లు చేస్తే అదే సర్దుకుంటుంది” అని జిమ్‌లోవారు. నేను రెండూ పాటించి చూశాను. 49వ ఏట మొదటిసారి పట్టుకున్నప్పుడు పన్నెండు రోజులు మంచం దిగలేదు. లేచేసరికి నొప్పి కంటె నీరసమే ఎక్కువైంది, పాత బరువులకు చేరడానికి ఐదు నెలలు పట్టింది. మూడేళ్ల తర్వాత రెండోసారి పట్టుకున్నప్పుడు, పళ్లు బిగబట్టి అదే వారం స్క్వాట్ చేసి, మూడు వారాల్లో తగ్గవలసిన దాన్ని మూడు నెలలకు సాగదీశాను. ప్లేటు ఎత్తబోయి పట్టేసిన ఈ మూడోసారి మాత్రం, నొప్పి పెరగని కదలిక ఏదో వెతుక్కుని అక్కడ మొదలుపెట్టి, మర్నాడు ఉదయం నడుము ఇచ్చే జవాబును బట్టి బరువు పెంచుకుంటూ వచ్చాను. ఇక్కడ వివరించేది ఆ పద్ధతినే.

అన్నిటికంటె ముందు, ఇది సాధన చేస్తూ తగ్గించుకోదగిన నొప్పేనా అన్నది తేల్చుకోవాలి. మూత్రం బిగబట్టినట్టయి రాకపోవడం లేదా తెలియకుండానే పోవడం, సైకిలు సీటుకు ఆనే భాగమంతా తిమ్మిరెక్కడం, పాదం పైకి లేవక చెప్పు జారిపోతుండటం, రెండు కాళ్లలోనూ పట్టు సడలడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెన్ను చివర ఉండే నరాల గుత్తి నలుగుతున్నదేమోనని అనుమానించి, తెల్లవారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలి, ఎందుకంటే ఆలస్యమైతే ఆ నరాలు పూర్తిగా కోలుకోకపోవచ్చు. కడుపులోనో ఛాతీలోనో మొదలై వీపులోకి చీల్చుకుపోయే నొప్పి, దానితోపాటు చెమటలు, కళ్లు తిరగడం ఉంటే అది నడుము సంగతి కాకపోవచ్చు, అదీ అత్యవసరమే. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి, గతంలో క్యాన్సర్, చాలాకాలం స్టెరాయిడ్ మాత్రలు వాడి ఉండటం, ఈమధ్య కింద పడి ఉండటం వంటివి ఉన్నవారు వైద్యునికి చూపించుకోకుండా జిమ్ గడప తొక్కకూడదు. ఎముకలు గుల్లబారిన వయసులో చిన్న కుదుపుకే వెన్నుపూస నలిగిపోవచ్చు.

మన నల్లగొండ ప్రాంతం వారు మరొకటి కూడా చూసుకోవాలి. మునుగోడు, మర్రిగూడ, చండూరు, దేవరకొండ వైపు పుట్టి పెరిగి, ఏళ్ల తరబడి బోరు నీళ్లే తాగినవారిలో నడుము బిగుసుకుపోవడానికి ఫ్లోరోసిస్ కారణం కావచ్చు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రమాణం. అంతకు చాలా ఎక్కువగా ఉన్న నీటిని దశాబ్దాలపాటు తాగితే ఎముకలు గట్టిపడి, వెన్నును పట్టి ఉంచే బంధనాలు సున్నం పేరుకుని కట్టెల్లా తయారవుతాయి, కొందరిలో వెన్నుపాము మీద కూడా ఒత్తిడి పడుతుంది. తర్వాత నల్లా నీళ్లకు మారినా, చిన్నప్పుడు తాగిన నీళ్ల లెక్క ఎముకల్లో మిగిలే ఉంటుంది. నొప్పి ఒక్కసారిగా రావడం కాక, ఏళ్లుగా నడుమూ మెడా కలిసి బిగుస్తూ వస్తే, లేదా నడకలో కాళ్లు బిర్రుగా పడుతుంటే, ఆ సంగతి వైద్యునికి ముందుగా చెప్పి ఎక్స్‌రే తీయించుకోవాలి. ఇక్కడ చెప్పబోయే సాధన అటువంటి వెన్నుకు ఉద్దేశించినది కాదు.

ఇవేవీ లేనివారు, అంటే చాలామంది, నిశ్చింతగా ఉండవచ్చు. అకస్మాత్తుగా పట్టిన నడుము చాలావరకు నాలుగు నుంచి ఆరు వారాల్లో తేరుకుంటుంది. నొప్పి కండరానిదా, కీలుదా, డిస్కుదా అని వేలు పెట్టి చూపడం తరచు వైద్యులకూ సాధ్యం కాదు. మొదటి వారంలోనే ఎమ్మారై కోసం తొందరపడటం నాకు నచ్చదు. నొప్పే లేనివారికి తీసిన స్కానులను పరిశీలించి 2015లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం, యాభై ఏళ్లవారిలో 80 శాతం మందికి డిస్కులు అరిగి, 60 శాతం మందికి ఉబ్బి కనిపించాయి. ఆ వయసులో స్కాను తీయిస్తే ఏదో ఒకటి కనిపించక మానదు, ఆ రిపోర్టు చదివినవాడు బార్‌ను మళ్లీ ముట్టుకోడు. మంచం విషయంలోనూ అంతే. 1995లో ఫిన్లాండులో జరిగిన అధ్యయనంలో రెండు రోజులు మంచం పట్టినవారి కంటె, ఓర్చుకోగలిగినంత మేరకు రోజువారీ పనులు చేసుకుంటూ తిరిగినవారే త్వరగా కోలుకున్నారు.

కాబట్టి మొదటి రెండు రోజులు బరువులు వద్దు, మంచమూ వద్దు. నేల మీద చాప వేసుకుని వెల్లకిలా పడుకుని, పిక్కలను కుర్చీ మీద ఆనించి పది నిమిషాలు ఉంటే నడుము సడలుతుంది. లేచేటప్పుడు తిన్నగా లేవకుండా పక్కకు పొర్లి, కాళ్లు కిందికి దించుతూ చేతి ఆసరాతో లేవాలి. ప్రతి గంటకో గంటన్నరకో ఐదు నిమిషాలు నడవాలి. మూడో రోజుకు నేను పానగల్ ఉదయ సముద్రం చెరువు కట్ట మీద అరగంట నడవగలిగాను. ఉప్పు మూటతో కాపడం పెట్టుకుంటే నొప్పికి ఉపశమనం ఉంటుంది, అయితే మధుమేహంతో స్పర్శ తగ్గినవారు మూటను ముందుగా ఇంట్లో మరొకరి చేతికి తాకించి చూసుకోవాలి. నువ్వుల నూనెతో తేలికగా రుద్దించుకోవడంలో తప్పులేదు. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లచేత నడుము మీద తన్నించుకోమని మా అత్తగారు ఈసారి కూడా చెప్పారు, వీధిలో అటువంటి మనిషిని వెతికి పెట్టారు కూడా. ఆమె మాట తీసెయ్యలేక, ఆ మనిషి కాలి బొటనవేలిని మర్యాదగా తగిలించి వెళ్లిపోయేలా ఒప్పందం చేసుకున్నాం.

నొప్పి మాత్రల విషయంలో మాత్రం మొహమాటం పనికిరాదు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి బీపీని పెంచుతాయి, కడుపులో పుండు చేస్తాయి, మూత్రపిండాల మీద భారం వేస్తాయి. బీపీ మాత్రలు గానీ రక్తం పలుచబడే మందులు గానీ వాడేవారు వైద్యుణ్ని అడగకుండా వాటిని మింగకూడదు. ఊరి ఆరెంపీ దగ్గర పేరు తెలియని సూది వేయించుకుని, గంటలో నొప్పి మాయమయిందని సాయంత్రం జిమ్‌కు వెళ్లడం అన్నిటికంటె పెద్ద పొరపాటు. ఆ పూట మీ నడుము మీకు నిజం చెప్పే స్థితిలో ఉండదు.

మూడో రోజునుంచో నాలుగో రోజునుంచో జిమ్‌కు వెళ్లవచ్చు. వెళ్లగానే చేయవలసిన పని బరువు ఎత్తడం కాదు, వెతకడం. చీపురు కర్రంత కర్రను వీపు వెంట నిలువుగా పట్టుకుని, అది తల వెనుక, భుజాల మధ్య, పిరుదుల నడుమ మూడుచోట్లా తగిలి ఉండేలా చూసుకుంటూ, మోకాళ్లు కొద్దిగా మడిచి, పిరుదులను వెనక్కి తోస్తూ మెల్లగా వంగండి. కర్ర ఎక్కడా ఊడకుండా నొప్పి మొదలయ్యే చోటు ఏదో గుర్తుపెట్టుకోండి. నాకు ఆ రోజు, చేతులు కిందికి వేలాడదీస్తే మోకాలి చిప్పలను అందుకునేంత వంగేదాకా ఏమీ లేదు, ఒక జానెడు కిందికి దిగితే తాడు మళ్లీ బిగిసింది. అంటే నా డెడ్‌లిఫ్ట్ ఆ రోజున మోకాలి ఎత్తునుంచి మొదలవుతుందన్నమాట. వంగితే కాక వెనక్కి విరుచుకుంటే నొప్పి వచ్చేవారు నిలబడి తలపైకి ఎత్తే వ్యాయామాలను పక్కన పెట్టాలి, బెంచ్ ప్రెస్ చేసేటప్పుడు నడుమును విల్లులా వంచకూడదు.

సాధన చేస్తున్నప్పుడు పదికి మూడు వరకు నొప్పి ఉంటే భయపడనక్కరలేదు. అసలు కొలత మర్నాడు ఉదయం మొహం కడుక్కునేటప్పుడు తెలుస్తుంది. వాష్ బేసిన్ ముందు వంగి మొదటి దోసిలి నీళ్లు మొహాన చల్లుకునేటప్పుడు నడుము నిన్నటి కంటె ఎక్కువ గుంజితే, నిన్నటి పని ఎక్కువైనట్టు. ఒక మెట్టు దిగాలి. నిన్నటిలాగే ఉంటే అదే పని మరోసారి చేయాలి. తక్కువైతే కొంచెం పెంచాలి. దీనితోపాటు నొప్పి ఎటు జరుగుతున్నదో కూడా గమనించాలి: పిరుదు, తొడ, పిక్క అంటూ కిందికి దిగుతుంటే ఆ వ్యాయామాన్ని ఆపాలి, కాలినుంచి వెనక్కి నడుము మధ్యకు చేరుతుంటే అది సాధారణంగా మంచి గుర్తే.

బార్ ఎత్తు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే జిల్లా జిమ్‌లలో చాలామంది నడుములు చెడుతున్నది అక్కడే. పోటీల్లో వాడే పెద్ద ప్లేట్ల వ్యాసం 45 సెంటీమీటర్లు, కాబట్టి నేల మీద ఉన్నప్పుడు బార్ 22.5 సెంటీమీటర్ల ఎత్తులో, పిక్క మధ్యకు ఉంటుంది. మన దగ్గర 10 కిలోల ఇనుప ప్లేట్లు చిన్నవి. వాటితో బార్ చీలమండల దాకా దిగిపోతుంది, అందువల్ల తక్కువ బరువు ఎత్తేవాడే ఎక్కువ వంగవలసి వస్తుంది. నొప్పి ఉన్న రోజుల్లో ప్లేట్ల కింద చెక్క దిమ్మెలు పెట్టుకోండి, లేదా రాక్‌లోని అడ్డకమ్మీల మీద బార్‌ను మోకాలి ఎత్తులో ఉంచుకోండి. పట్టేయకముందు నేను సెట్లు చేసే బరువు 110 కిలోలు. మొదటి వారం 20 కిలోల ఖాళీ బార్‌తో మోకాలి ఎత్తునుంచి, రెండో వారం అదే ఎత్తునుంచి 40, తర్వాత 50 చేశాను. మూడో వారం బరువు పెంచకుండా ఒక దిమ్మె తీసేశాను. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి: బరువు గానీ, ఎత్తు గానీ, సెట్ల సంఖ్య గానీ. రెండు కలిపి మారిస్తే, బేసిన్ దగ్గర నడుము గుంజినప్పుడు తప్పు ఏదో తెలియదు.

మిగిలిన శరీరాన్ని ఖాళీగా ఉంచనవసరం లేదు. డంబెల్‌ను ఛాతీకి ఆనించుకుని స్క్వాట్, ఒక కాలు ముందుకు వేసి చేసే స్ప్లిట్ స్క్వాట్, వాలు బెంచీ మీద బోర్లా పడుకుని డంబెల్ రోయింగ్ చాలామందికి ఇబ్బంది పెట్టవు. నడుము చుట్టూ కండరాలకు మూడు చాలు: మోకాళ్ల మీదా చేతుల మీదా ఉండి ఎదురెదురు చేతినీ కాలినీ చాచడం, మోచేతి మీద పక్కకు ఆనుకుని నిలవడం, వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడిచి నడుము కింద చేతులు పెట్టుకుని తల మాత్రం కొద్దిగా లేపడం. ఒక్కొక్కటి పది సెకండ్లు నిలిపి, మధ్యలో విడుస్తూ చేయాలి.

సమయం విషయంలో నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, కాబట్టి లేచిన మొదటి గంటలో ముందుకు వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. ఎండాకాలంలో నల్లగొండలోనైనా పాలమూరులోనైనా ఎనిమిది దాటితే రేకుల కప్పు కింద బరువులు ఎత్తడం కష్టం, అందుకే అందరం ఐదున్నరకే జిమ్‌లో ఉంటాం. నేనిప్పుడు నాలుగున్నరకు లేచి, గంటసేపు నడిచి, ఆ తర్వాత జిమ్‌కు వెళుతున్నాను.

జిమ్ బయట ఎత్తే బరువు కూడా బరువే. నిండు గ్యాస్ సిలిండరు సుమారు 30 కిలోలు, బియ్యం బస్తా 25. స్పీడ్ బ్రేకర్ల మీద బైకు కుదుపులు వేరు. తోట నుంచి బత్తాయి సంచులు దించిన రోజున డెడ్‌లిఫ్ట్ చేయకండి. రోజువారీ సాధన రాసుకునే నోటుపుస్తకంలో దాన్నే ఒక సెట్టుగా రాసుకోండి.

బెల్టు నొప్పిని తగ్గించే సాధనం కాదు, అది పెట్టుకుంటేనే ఎత్తగలుగుతున్నారంటే బరువు ఎక్కువైనట్టే. బీపీ ఉన్నవారు ఊపిరిని ఎక్కువసేపు బిగబట్టకుండా ఎత్తేటప్పుడు విడవాలి. స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్ అన్నిటికంటె చివర రావాలి, ఎందుకంటే వాటిలో వేగం ఉంటుంది, తప్పును మధ్యలో దిద్దుకునే వ్యవధి ఉండదు. నేలమీదనుంచి డెడ్‌లిఫ్ట్‌లో పాత బరువులో నాలుగింట మూడు వంతులు రెండు వారాలపాటు, ఉదయం ఏ ఫిర్యాదూ లేకుండా ఎత్తగలిగిన తర్వాతే ఖాళీ బార్‌తో వాటిని మొదలుపెట్టండి.

ఆరు వారాలు దాటినా నొప్పి అక్కడే ఆగి ఉంటే వైద్యుని దగ్గరికో ఫిజియోథెరపిస్టు దగ్గరికో వెళ్లాలి. వెళ్లేటప్పుడు ఆ నోటుపుస్తకం వెంట తీసుకెళ్లండి; ఏం చేస్తే పెరుగుతుంది, ఏం చేస్తే తగ్గుతుంది అని వారు అడిగే మొదటి ప్రశ్నకు జవాబు తేదీలతో సహా అందులో ఉంటుంది.