పడుగు కట్టే ముందు ఒకసారి చూసుకోండి

నలభై దాటాక మగ్గం నేర్చుకునేవారికి ఈ మాటలు. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వరంగల్‌లోని కొత్తవాడలో వాటిని నేయడం చూసి ముచ్చటపడి నేరుగా పెద్ద నమూనాకు దిగకండి. అడుగు పొడవు చెక్క చట్రం చాలు.

- పడుగుకు, అంటే నిలువు పోగులకు, గట్టి నూలు దారమే వాడాలి. వేలితో మీటితే పోగులన్నీ ఒకే బిగువులో ఉండాలి. ఒక్కటి వదులైనా నేత అక్కడ ఉబ్బుతుంది.

- పేకను, అంటే అడ్డంగా నేసే దారాన్ని, తిన్నగా లాగకండి. అందరం చేసే తప్పు ఇదే. ఇంద్రధనుస్సులా వంపుగా పరిచి, తర్వాత పంజాతో (దువ్వెనలాంటి పనిముట్టు) కిందికి దువ్వండి. లేకపోతే అంచులు లోపలికి జరుగుతాయి. నా మొదటి ముక్క కింద పది అంగుళాలు, పైన ఏడు! ఇంట్లో దానికి ‘బోర్లించిన గరాటు’ అని పేరు పెట్టారు. నాలుగు వేళ్ల నేత పూర్తయిన ప్రతిసారీ టేపుతో వెడల్పు కొలవండి.

- రెండు రంగులు నిలువుగా కలిసేచోట చీలిక వస్తుంది. పేకలను ఒకదానితో ఒకటి మెలివేస్తారా, తర్వాత కుడతారా అన్నది ముందే తేల్చుకోండి.

- ముదురు ఎరుపు, నీలం దారాలను తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. రంగు అంటితే పక్కన పెట్టండి.

- మంచి వెలుతురు, నడుముకు ఆసరా. కళ్లజోడు కూడా, మొహమాటం వద్దు.