పాత బొగ్గు స్టవ్‌ని బాగుచేసి ఇంట్లో బిగించడం ఎలా?

మేముండేది పెన్సిల్వేనియా ఈశాన్యాన, విల్క్స్‌బారీకి దగ్గర్లో. ఈ చుట్టుపక్కల పాత ఇళ్లలో బేస్‌మెంట్‌లోనో గరాజ్‌లోనో ఓ మూల, దుప్పటి కప్పిన పోత ఇనుప స్టవ్ ఒకటి తరచూ కనిపిస్తుంది. వంట పొయ్యి కాదు, గదిని వెచ్చబెట్టేది. ఛాతీ దాకా ఎత్తు, నికెల్ పూత అంచులు, తలుపుకి చిన్న చిన్న అభ్రకం కిటికీలు, నెత్తిన గుడి కలశంలాంటి అలంకారం. అలాంటిది ఒకటి కొని, వేసవంతా విప్పి బిగించి, ఇప్పుడు చలికాలంలో మా హాలు దాంతోనే వెచ్చబెట్టుకుంటున్నాం.

చూడ్డానికి వచ్చినవాళ్లంతా నికెల్ మెరుపు గురించే అడుగుతారు. మెరుపు ఆఖరి పని. ఈ స్టవ్‌తో పనంతా గాలితోనే: రావాల్సిన చోట రావాలి, మిగతా చోట చీమ దూరేంత సందు కూడా ఉండకూడదు.

ఎందుకంటే ఇక్కడ దొరికేది ఆంత్రసైట్ అనే గట్టి బొగ్గు. సింగరేణి బొగ్గు చూసిన కళ్లకి ఇదేదో వేరే రాయిలా ఉంటుంది. గాజులా నిగనిగలాడుతుంది, చేతికి మసి పెద్దగా అంటదు, మండితే పొగ దాదాపు రాదు. కానీ అంత తేలిగ్గా అంటుకోదు. ఒకప్పుడు కమ్మరులు కొలిమి తిత్తి ఊది మండించేవాళ్లు తప్ప, ఇంట్లోకి ఇది పనికిరాదనే చాలామంది అనుకున్నారు. 1808 ఫిబ్రవరి 11న విల్క్స్‌బారీలో జెస్సీ ఫెల్ అనే ఆయన ఇనుప కమ్మీల జాలీ మీద దీన్ని పేర్చి, కింది నుంచి గాలి అందేలా చేసి, తిత్తి లేకుండానే మండించాడు. కుంపటి చూసి పెరిగినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. కింద చిల్లుల పళ్లెం, దాని కింద బూడిద గూడు, ముందు విసనకర్రతో విసరడానికి నోరు. ఈ స్టవ్ కూడా అంతే, విసనకర్ర పని చిమ్నీ చేస్తుంది.

అందుకే మొదలుపెట్టాల్సింది చిమ్నీతో.

1. స్టవ్ కొనకముందు

నేను ముందు స్టవ్ కొన్నాను, తర్వాత చిమ్నీ చూపించాను. లోపలి మట్టి గొట్టాలు రెండు చోట్ల పగిలి ఉన్నాయని కెమెరాలో తేలింది. ఆ చలికాలమంతా స్టవ్ గరాజ్‌లోనే ఉండిపోయింది. మీరు ఆ తప్పు చేయకండి. చిమ్నీ శుభ్రం చేసే నిపుణుణ్ణి పిలిచి, కెమెరా దింపి చూడమనండి. కొత్తగా స్టీలు గొట్టం దింపాల్సి వస్తే 304 రకం వద్దు, కనీసం 316 రకం అడగండి. బొగ్గులోని గంధకం తేమతో కలిసి ఆమ్లమై మామూలు స్టీలుని తినేస్తుంది. ఆ గొట్టానికి ఈ స్టవ్ ఒక్కటే తగిలించాలి. వాటర్ హీటర్‌నో ఆయిల్ ఫర్నేస్‌నో దానితో కలపకూడదు.

తర్వాత మీ టౌన్‌షిప్ ఆఫీసులో పర్మిట్ సంగతి, ఇంటి ఇన్సూరెన్స్ వాళ్లతో వాళ్ల షరతులు కనుక్కోండి. పాత స్టవ్‌లకి భద్రతా పరీక్ష ముద్ర ఉండదు కాబట్టి కొన్ని కంపెనీలు ససేమిరా ఒప్పుకోవు. ఈ రెండు ఫోన్లు చేయకుండా డబ్బు పెట్టకండి.

2. ఏ స్టవ్ కొనాలి

అది బొగ్గు స్టవ్వో కట్టెల స్టవ్వో ముందు చూసుకోండి. బొగ్గుదైతే అడుగున ఊపడానికి వీలైన జాలీ, దాని కింద బూడిద తలుపు, నిప్పు చుట్టూ మందపాటి పోత ఇనుప గిన్నె గానీ ఇటుక పూత గానీ ఉంటాయి. మసాచుసెట్స్‌లోని టాంటన్‌లో తయారైన గ్లెన్‌వుడ్ స్టవ్‌లకి ఇప్పటికీ మంచి పేరుంది. వాటిలో బేస్ హీటర్ అనే రకం నాకు నచ్చుతుంది. నిప్పు బాగా రాజుకున్నాక లోపలి పలక ఒకటి తిప్పితే, వేడి గాలి తిన్నగా గొట్టంలోకి పోకుండా కిందికి దిగి, స్టవ్ అడుగంతా చుట్టి, అప్పుడు వెనక నుంచి పైకి పోతుంది. చిమ్నీ పాలయ్యే వేడిలో కొంత గదికే దక్కుతుంది.

టార్చి తీసుకెళ్లి జాలీ వంగిందేమో, నిప్పు గిన్నెకి బీటలున్నాయేమో చూడండి. పైన తుప్పు చూసి భయపడక్కర్లేదు, అది పోతుంది. విడిభాగాలు లేకపోతేనే కష్టం. జాలీ, ఊపే పిడి, తలుపులు, లోపలి పలక ఉన్నాయో లేవో లెక్కపెట్టుకోండి. జాలీ దొరక్కపోతే కొత్తగా పోత పోయించాల్సిందే, ఆ ఖర్చు స్టవ్ ధరని దాటిపోవచ్చు.

3. విప్పడం

ప్రతి భాగాన్నీ విప్పేముందు ఫొటో తీయండి. బోల్టులు చిన్న కవర్లలో వేసి పేరు రాయండి. చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు పలకలు మళ్లీ బిగించేటప్పుడు ఒకేలా ఉండవు.

నూరేళ్ల తుప్పు పట్టిన బోల్టులు రెంచీకి లొంగవు. తుప్పు వదిలించే నూనె పోసి రెండు రోజులు వదిలేయండి. అప్పటికీ కదలకపోతే గ్యాస్ మంట టార్చితో నట్టుని బాగా వేడిచేసి, మంట తీసేశాక, కొవ్వొత్తి ఆనించండి. మైనం కరిగి మరల్లోకి సర్రున ఇంకుతుంది. నాకు ఎనిమిది బోల్టుల్లో ఐదు అలా వదిలాయి. మిగతా మూడు విరిగాయి, డ్రిల్ పెట్టి తీయాల్సి వచ్చింది. సుత్తితో మాత్రం కొట్టకండి, పోత ఇనుము వంగదు, పెంకులా పగులుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. అతుకుల మధ్య తెల్లగా, బూడిదరంగులో పీచులాంటి పాత సిమెంటో తాడో కనిపిస్తే పొడిగా గీకొద్దు. అందులో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. నీళ్లు చల్లి తడిపి, ఓ చిన్న ముక్క ల్యాబ్‌కి పంపించండి. ఉందని తేలితే తీసే పని ఆ విద్య తెలిసినవాళ్లకే వదిలేయండి.

4. తుప్పు, పగుళ్లు

పెద్ద భాగాలకి తీగ బ్రష్ చాలు. నగిషీ ఉన్నవాటికి నేను చాకలి సోడా తొట్టి వాడాను. ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్లు, సోడా కలిపి, తుప్పు భాగాన్ని బ్యాటరీ ఛార్జర్ నెగెటివ్ తీగకి, మామూలు ఇనుప ముక్కని పాజిటివ్ తీగకి తగిలించి, రెండూ తగలకుండా ముంచాలి. ఓ రాత్రికి తుప్పు నల్లటి మడ్డిలా వదిలొస్తుంది. ఇది ఆరుబయటే చేయాలి, హైడ్రోజన్ వాయువు పుడుతుంది. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టొద్దు, నీళ్లలో విషపు క్రోమియం చేరుతుంది.

పోత ఇనుము పగుళ్లు వెల్డింగ్ చేయడం మామూలు వెల్డర్ పని కాదు. ముక్క మొత్తాన్ని ముందే వేడిచేసి, నికెల్ రాడ్‌తో అతికి, నెమ్మదిగా చల్లార్చాలి. హడావుడి పడితే పక్కనే కొత్త బీట పుడుతుంది. నిప్పు గిన్నె పగిలితే కొత్తది పెట్టుకోవడమే మంచిది.

5. తిరిగి కూర్చడం

అసలు పని ఇదే. ప్రతి అతుకు దగ్గరా పాత సిమెంటు పూర్తిగా తీసి, కొత్త ఫర్నేస్ సిమెంటు పాముకుంటూ కింది నుంచి పైకి కట్టుకురావాలి. బోల్టులు గాలి చొరనంత బిగువుగా ఉండాలి, అంతకుమించి బిగించొద్దు. ఇనుము వేడికి పెరుగుతుంది, సాగడానికి చోటివ్వకపోతే పగులుతుంది.

సిమెంటు ఆరాక, రాత్రి లైట్లన్నీ ఆర్పి, స్టవ్ లోపల బాగా వెలుగిచ్చే బల్బు ఒకటి పెట్టి తలుపులన్నీ మూయండి. నేను మొదటిసారి పెట్టినప్పుడు బూడిద తలుపు మడతబందు పక్కన వెంట్రుకవాసి వెలుగు గీత కనిపించింది. ఓస్ ఇంతేనా అనిపిస్తుంది కానీ, ఆ గీతలోంచి వచ్చే గాలి మన చేతిలో ఉండదు. గాలి వదిలే మీట మూసినా నిప్పు తన ఇష్టం వచ్చినట్టు మండుతుంది. తలుపు అంచుని చదును చేసి మళ్లీ చూశాను. మూడో రాత్రికి చీకటయింది.

కిటికీలకి పాత అభ్రకం పొరలు పొరలుగా లేచిపోయి ఉంటుంది. ఇది మన కాకిబంగారమే. నెల్లూరు, గూడూరు వైపు గనుల్లో ఒకప్పుడు విరివిగా తీసినది. కొత్త రేకులు కొని మామూలు కత్తెరతో కత్తిరించుకోవచ్చు. చట్రం బోల్టులు వేళ్లతో బిగించినంతే ఉండాలి.

బయటికి గ్రాఫైట్ ఉన్న స్టవ్ పాలిష్ పలచగా రాసి గుడ్డతో రుద్దండి. నికెల్ పూత బాగానే ఉంటే మెత్తని మెటల్ పాలిష్ చాలు. కొత్త పూత వేయించాలంటే బాగా ఖర్చు. నేను వేయించలేదు, అక్కడక్కడా చర్మం లేచినట్టుంది, ఉండనీ.

6. బిగించడం

ఎన్‌ఎఫ్‌పీఏ 211 అనే అమెరికా ప్రమాణం ప్రకారం, ముద్ర లేని ఇలాంటి స్టవ్‌కీ కాలే గోడకీ మధ్య 36 అంగుళాల దూరం ఉండాలి. గోడకి అంగుళం ఎడంగా రేకు నిలబెట్టి వెనక గాలి ఆడేలా చేస్తే దీన్ని తగ్గించుకోవచ్చు. ఎంతవరకో మీ ఇన్‌స్పెక్టర్‌ని అడగండి. స్టవ్ నుంచి చిమ్నీకి పోయే ఒంటి పొర గొట్టానికి 18 అంగుళాలు. కింద చెక్క నేలైతే రాతి పలకో ఇటుకో వేసి, అది స్టవ్ చుట్టూ 18 అంగుళాలు బయటికి వచ్చేలా చూడండి.

గొట్టం 24 గేజ్ నల్ల స్టీలుది. ప్రతి అతుకుకీ మూడు స్క్రూలు. అడ్డంగా పోయే భాగం అడుగుకి పావు అంగుళం చొప్పున చిమ్నీ వైపు పైకి లేవాలి. మలుపులు రెండు మించకపోతే మంచిది. గొట్టంలో బారోమెట్రిక్ డ్యాంపర్ పెట్టండి, ఈదురుగాలి రోజు చిమ్నీ మరీ లాగేస్తుంటే అదే తెరుచుకుని సర్దుతుంది. మానోమీటర్ అనే కొలిచే పరికరం తగిలిస్తే చిమ్నీ లాగుడు సుమారు 0.03 నుంచి 0.05 అంగుళాల నీటిమట్టం చూపించాలి.

కార్బన్ మోనాక్సైడ్ అలారాలు ప్రతి అంతస్తులోనూ, పడగ్గదుల దగ్గరా ఉండాలి. ఆ వాయువుకి వాసన లేదు. తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకుంటే తెల్లారేసరికి ప్రాణం పోయేది దానివల్లే.

7. మంట

మొదటి రెండు మూడు సార్లు చిన్న కట్టె మంటలే వేయండి, వీలైతే స్టవ్‌ని ఇంట్లోకి తేకముందే, ఆరుబయట. సిమెంటు గట్టిపడాలి, పాలిష్ పొగ బయటే పోవాలి.

బొగ్గుకి నట్ సైజు, అంటే ఉసిరికాయంత ముక్కలు, చాలా స్టవ్‌లకి సరిపోతాయి. 40 పౌన్ల బస్తాల్లో దొరుకుతుంది. ముందు ఎండు కట్టెలు మండించి మంచి నిప్పు కణికలు చేసుకోండి. వాటి మీద పలచగా ఒక పొర బొగ్గు. చిటపటలు వినిపిస్తాయి. నీలం మంటలు ఆడటం మొదలయ్యాక ఇంకో పొర, అలా గిన్నె అంచు దాకా నింపాలి. ఆంత్రసైట్‌కి లోతు కావాలి, సగం గిన్నెతో పొదుపు చేద్దామంటే ఆరిపోతుంది. ఈ పనంతటిలో బూడిద తలుపు కాస్త తెరిచి ఉంటుంది, కాబట్టి అక్కడే కూర్చోండి. ఫోను మోగిందని లేచి వెళ్లి మర్చిపోతే జాలీ ఎర్రగా కాలి వంగిపోతుంది.

కొత్త బొగ్గు వేసేటప్పుడు నిప్పునంతా కప్పేయకండి, ఓ మూల ఎర్రటి కణికలు బయటికి కనబడాలి. పైకి లేచే వాయువుని ఆ మూల అంటిస్తూ ఉంటుంది. మొత్తం కప్పితే వాయువు పేరుకుని ఒక్కసారిగా ధుమ్మని పేలి తలుపులు తెరుచుకుంటాయి.

ఇంకోటి, మనవాళ్లకి అలవాటుకాని సంగతి: పై నుంచి కెలకకూడదు. పొయ్యి మందగిస్తే ఎగదోయడం మన చేతులకి పుట్టుకతో వచ్చిన విద్య. ఇక్కడ అలా కెలికితే బూడిద ముక్కల మధ్య సందుల్లోకి జారి గాలి దారి మూసేస్తుంది, అరగంటలో నిప్పు చస్తుంది. రోజుకి రెండుసార్లు, పన్నెండు గంటలకోసారి, జాలీ పిడిని చిన్నచిన్నగా ఊపండి. బూడిద పెట్టెలోకి ఎర్ర కణికలు ఒకటీ అరా రాలగానే ఆపేయండి. నిప్పు అప్పటికే నీరసంగా ఉంటే ముందు ఊపొద్దు, కింది గాలి తెరిచి, కాస్త బొగ్గు వేసి, నీలం మంట కనిపించాకే ఊపండి.

మా స్టవ్ గట్టి చలిలో రోజుకి ఒక బస్తా తింటుంది. బూడిదని మూత ఉన్న ఇనుప డబ్బాలో ఆరుబయట రాతి మీద ఉంచండి. పైకి చల్లారినట్టున్నా లోపల రోజుల తరబడి నిప్పుంటుంది.

8. చలికాలం పోగానే

చివరి మంట ఆరిన వారంలోపే గొట్టం ఊడదీసి, లోపలి బూడిద నుసి అంతా దులపండి. వేసవి ఉక్కకి ఆ నుసి తడిసిందంటే, నేను ముందు చెప్పిన ఆమ్లమే తయారై ఒక్క సీజన్లో గొట్టానికి చిల్లులు పెడుతుంది. లోపలి ఇనుముని వంట సోడా కలిపిన నీళ్లతో తుడిచి, పొడి గుడ్డతో ఆరబెట్టండి. చిమ్నీ నోటికి మూత పెట్టండి, లేకపోతే తేమ అక్కణ్ణుంచి దిగుతుంది.

మా బేస్‌మెంట్‌లోలా మీ ఇంట్లోనూ చెమ్మ ఎక్కువైతే, వెలుగు గీతల కోసం వాడిన పాతకాలపు బల్బునే మళ్లీ స్టవ్‌లో పెట్టి, తలుపు ఓరగా తెరిచి వదిలేయండి. ఆ కొద్దిపాటి వెచ్చదనానికి జూన్, జూలై వానల్లో కూడా ఇనుము పొడిగా ఉంటుంది.