రోజుకి గంటే టైం ఉన్నోళ్ళు వాలరెంట్‌లో బ్రాంజ్ దాటాలంటే

ఆఫీస్ అయ్యి, అన్నం తిని సిస్టమ్ ముందు కూర్చునేసరికి రాత్రి పది. పడుకునేలోపు వాలరెంట్‌లో (ఐదుగురు ఐదుగురు టీములుగా ఆడే షూటింగ్ గేమ్) ఒక కాంపిటీటివ్ మ్యాచ్, అంటే ర్యాంక్ మారే మ్యాచ్, మహా అయితే రెండు. ఈ కాస్త టైంతో ఐరన్, బ్రాంజ్ లాంటి కింది ర్యాంకుల్లో ఇరుక్కుపోయి "నాకు ఎయిమ్ లేదు, నా వల్ల కాదు" అనుకుంటున్నోళ్ళ కోసం రాస్తున్నా. నేనూ ఏడాదిన్నర బ్రాంజ్‌లోనే ఉన్నా, ఇప్పుడు గోల్డ్‌లో ఉన్నా, ఈ మధ్యలో నా చెయ్యేమీ అంత మారలేదు, ఊరికే చచ్చే చావులు తగ్గాయి అంతే.

అందుకే ముందు మీరు ఎలా చస్తున్నారో చూస్కోండి. మ్యాచ్ అయ్యాక కెరీర్‌లోకి వెళ్ళి ఆ మ్యాచ్ ఓపెన్ చేస్తే టైమ్‌లైన్ అని ఉంటది, ఏ రౌండ్‌లో ఎవరి చేతిలో పోయారో మొత్తం కనిపిస్తది. ఒక వారం పాటు ప్రతి చావు పక్కన ఒక్క ముక్క రాసుకోండి, కదులుతూ కాల్చా అనో, ఒక్కణ్ణే వెళ్ళా అనో, రీలోడ్‌లో ఉన్నా అనో. వారం అయ్యేసరికి ఏదో ఒకటి మిగతావాటికంటే చాలా ఎక్కువసార్లు ఉంటది, తర్వాతి వారం దాని మీద మాత్రమే పని చెయ్యండి. నా పుస్తకంలో మొదటి వారం సగానికి పైగా "కదులుతూ కాల్చా" అనే ఉంది.

ఈ అలవాటు మానడం బీజీఎంఐ (ఫోన్‌లో ఆడే షూటింగ్ గేమ్) నుంచి వచ్చినోళ్ళకి బాగా కష్టం, అక్కడ పక్కకి జరుగుతూ స్ప్రే పెట్టడం, అంటే ఆపకుండా కాల్చడం, చేతికి అలవాటైపోయి ఉంటది. ఇక్కడ వాండల్ గానీ ఫాంటమ్ గానీ (రెండూ రైఫిల్స్) పట్టుకుని పరిగెడుతూ కాలిస్తే బుల్లెట్ క్రాస్‌హెయిర్ (తెర మధ్యలో గురి గుర్తు) ఉన్నచోటికి పోదు. కీ వదలాలి, కాలు ఆగాలి, అప్పుడు రెండు మూడు బుల్లెట్లు, మళ్ళీ పక్కకి జరగాలి. ప్రాక్టీస్ రేంజ్‌లో బాట్స్ (కాల్చడానికి పెట్టిన బొమ్మలు) ముందు రోజూ పది నిమిషాలు ఇదొక్కటే చెయ్యండి, స్పీడ్ గురించి అసలు ఆలోచించొద్దు.

దీనికి తోడు క్రాస్‌హెయిర్ ఎప్పుడూ తల ఎత్తులోనే ఉండాలి. వాండల్‌తో తలకి తగిలితే ఎంత దూరమైనా 160 డ్యామేజ్, హెవీ షీల్డ్ వేసుకున్నోడికి కూడా ప్రాణం, షీల్డ్ మొత్తం కలిపి 150 మాత్రమే, అంటే ఒక్క బుల్లెట్ చాలు. కానీ మనం నడిచేటప్పుడు నేల చూస్తూ నడుస్తాం, వాడు కనపడ్డాక మౌస్ పైకి లాగుతాం, ఆ లాగే లోపే అవతలోడు కాల్చేస్తాడు. డెత్‌మ్యాచ్‌లో (టీమ్ లేకుండా ఎవరికి వాళ్ళే ఆడే మోడ్) 40 కిల్స్ కొట్టి గెలవాలని చూడకుండా ప్రతి మూల దగ్గరా తల ఎక్కడ ఉంటదో అక్కడే క్రాస్‌హెయిర్ పెట్టుకుని తిరగండి, చచ్చినా పర్లేదు. సెన్సిటివిటీ మాత్రం వారానికోసారి మార్చకండి ప్లీజ్, 800 డీపీఐకి 0.3, 0.4 మధ్యలో ఏదో ఒకటి పెట్టి నెల రోజులు వదిలెయ్యండి.

రీలోడ్ చావులు ఆపడం వీటన్నిటికంటే తేలిక. వాండల్‌లో 25 బుల్లెట్లు ఉంటాయి, ఐదు కాల్చగానే ఆర్ నొక్కే అలవాటు మానండి, రీలోడ్‌కి రెండున్నర సెకన్లు పడుతది, అంతలో రెండోవాడు వచ్చేస్తాడు.

ఒంటరిగా వెళ్ళి చావడం ఎక్కువగా మనం స్పైక్ (ఈ గేమ్‌లో బాంబు) పెట్టాక జరుగుద్ది. స్పైక్ పెట్టిన 45 సెకన్లకి దానంతటదే పేలుద్ది, డిఫ్యూజ్ చెయ్యాలంటే అవతలి టీమ్‌కి 7 సెకన్లు కావాలి, సగం దాకా చేసి వదిలేసినా మళ్ళీ వచ్చి ఇంకో మూడున్నర కూర్చోవాలి. తొందర వాళ్ళది, మనది కాదు. అయినా మన ర్యాంకుల్లో స్పైక్ పెట్టేసి కిల్స్ కోసం వెతుక్కుంటూ పోతారు, ఒక్కొక్కడు ఒక్కో మూల చస్తాడు, గెలిచిన రౌండ్ చేతులారా పోద్ది. స్పైక్ కనపడే చోట ఇద్దరు ఇద్దరుగా నిలబడి వాళ్ళనే రానివ్వండి.

ఇక మాట్లాడే సంగతి. ముంబై సర్వర్‌లో టీమ్ దాదాపు ఎప్పుడూ హిందీలోనే మాట్లాడుకుంటది. మాది గుంటూరు వైపు, హిందీ అంతంత మాత్రం, అందుకని మొదట్లో మైక్ ఆపేసుకుని కూర్చునేవాణ్ణి, అది నేను చేసిన పెద్ద తప్పు. మ్యాచ్‌కి కావల్సిన హిందీ పది మాటలు కూడా ఉండదు: పీఛే అంటే వెనకాల, రుక్ అంటే ఆగు, మత్ జా అంటే వెళ్ళకు, ఆజా అంటే రా. మనం చెప్పాల్సింది ఇంకా తక్కువ, "టూ ఏ మెయిన్" (ఏ మెయిన్ అనే చోట ఇద్దరున్నారు), "జెట్ హిట్ 84" (జెట్ అనే ఏజెంట్‌కి 84 డ్యామేజ్ తగిలింది), "స్పైక్ బీ" (స్పైక్ బీ వైపు ఉంది). గ్రామర్ ఎవడూ చూడడు, మీరు చచ్చిన వెంటనే ఎక్కడ ఎంతమంది ఉన్నారో చెప్తే చాలు. తిట్టేవాడు ఉంటే మొదటి తిట్టుకే మ్యూట్ చెయ్యండి, జవాబు ఇవ్వకండి, వాడితో గొడవ పడుతూ ఎదురుగా వచ్చినోణ్ణి చూసుకోలేక చాలా రౌండ్లు పోగొట్టుకున్నా.

ఏజెంట్ (మీరు ఆడే క్యారెక్టర్) ఒక్కటి పట్టుకోండి, ఇంకోటి రిజర్వ్‌లో. టైం లేనోళ్ళకి నేనైతే బ్రిమ్‌స్టోన్ చెప్తా, మ్యాప్ తెరిచి చోటు చూపిస్తే అవతలోళ్ళ చూపు ఆపే స్మోక్ పడిపోద్ది, యూట్యూబ్ చూసి లైనప్స్ (ఎక్కడ నిలబడి ఎటు విసరాలో) బట్టీ పట్టే పని లేదు. కిల్‌జాయ్ కూడా మంచిదే, మీరు చూడని వైపు దాని టరెట్ (తనంతట తనే కాల్చే గన్) చూస్తా ఉంటది.

గేమ్‌లో గన్‌లు కొనే డబ్బుల విషయం చిన్నదే గానీ మర్చిపోవద్దు. వాండల్ 2900, హెవీ షీల్డ్ 1000, మొత్తం 3900. రౌండ్ ఓడితే వచ్చేది 1900, వరసగా రెండోదీ ఓడితే 2400, మూడోదీ ఓడితే 2900. టీమ్‌లో నలుగురూ సేవ్ చేస్తుంటే (ఏమీ కొనకుండా డబ్బు దాచుకుంటుంటే) మీరొక్కళ్ళే గన్ కొనుక్కుని వెళ్తే ఆ గన్ అవతలోళ్ళకి ఇచ్చి వచ్చినట్టే, కొనే ముందు మిగతావాళ్ళ దగ్గర ఎంత ఉందో ఒకసారి చూడండి.

144 హెర్ట్జ్ మానిటర్ కొన్నోళ్ళు విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి రిఫ్రెష్ రేట్ నిజంగా 144లో ఉందో లేదో చూస్కోండి, మా బావమరిది ఎనిమిది నెలలు 60లోనే ఆడాడు. వైఫై వదిలి ల్యాన్ కేబుల్ పెట్టండి.

వరసగా రెండు మ్యాచ్‌లు ఓడితే ఆ రాత్రికి కాంపిటీటివ్ ఆపెయ్యండి, పోయిన ఆర్‌ఆర్ (ర్యాంక్ పాయింట్లు) వెనక్కి తెచ్చుకుందామని మూడోది ఆడితే అదీ పోద్ది, నాకు దాదాపు ప్రతిసారీ పోయింది. అలాగే కూర్చునేసరికి పదకొండు దాటినా, పాప ఇంకా పడుకోకపోయినా కాంపిటీటివ్ నొక్కొద్దు, 13 రౌండ్లు గెలవాల్సిన మ్యాచ్ 40 నిమిషాలు లాగుద్ది, మధ్యలో లేచి వెళ్తే మిగతా నలుగురి రాత్రి కూడా పోద్ది. అలాంటప్పుడు స్విఫ్ట్‌ప్లే పెట్టుకోండి, 5 రౌండ్లు గెలిస్తే అయిపోద్ది, ఆ వారం ఏ చావు తగ్గించుకుంటున్నారో దానికి అదే ప్రాక్టీస్.