విమానమెక్కిన పాత ఉత్తరాలు పోగెయ్యడం ఎలా?

ఏడో క్లాసులో ఉండగా మా తాతయ్య ట్రంకుపెట్టెలో ఒక పాత కవరు దొరికింది. లండన్ నుంచి గుంటూరు పొగాకు కంపెనీకి వచ్చింది, తాతయ్య అక్కడ గుమాస్తా. నేనేం చేశానంటే కవరు మూల కత్తిరించి, స్టీలు గిన్నెలో నీళ్ళుపోసి నానబెట్టి, స్టాంపు ఊడొచ్చాక మిగతా కాగితం చెత్తబుట్టలో పడేశా. స్టాంపు ఇప్పటికీ ఉంది, ఐదో జార్జి తలకాయది, ఏ డీలర్ డబ్బాలో చెయ్యి పెట్టినా దొరికే సరుకు. పోయిన కవరు మీద మాత్రం నీలం ఎయిర్‌మెయిల్ లేబులు, వెనక కరాచీ అని గుండ్రటి ముద్ర ఉన్నట్టు గుర్తు. ఇప్పుడు తల్చుకుంటే కడుపులో తిప్పుతుంది.

అందుకే మొదటి పని చెప్తున్నా, పాత ఎయిర్‌మెయిల్ కవరు కనపడితే కత్తెర, నీళ్ళు రెండూ ఆమడ దూరం పెట్టెయ్యండి. దీన్ని కలెక్టర్లు ఫ్లోన్ కవర్ అంటారు, అంటే నిజంగా విమానమెక్కి ప్రయాణం చేసిన కవరు అని. దానికున్న విలువంతా ఎక్కడ బయల్దేరింది, ఎటు తిరిగింది, ఎప్పుడు చేరింది అన్న దాంట్లోనే ఉంటుంది, స్టాంపు అందులో ఒక ముక్క అంతే.

రెండో పని, నాలుగు తేదీలు బుర్రలో వేసుకోవడం. స్టాంపుల కేటలాగు మొత్తం బట్టీ కొట్టక్కర్లేదు, ఇవి చాలు. 1911 ఫిబ్రవరి 18న అలహాబాద్‌లో ఎగ్జిబిషన్ జరుగుతుంటే ఆంరీ పెకే అనే ఫ్రెంచి పైలట్ హంబర్ బైప్లేన్‌లో సుమారు 6,500 ఉత్తరాలు వేసుకుని యమున దాటి నైనీలో దించాడు, పావుగంట కూడా పట్టలేదు, ప్రపంచంలోనే మొదటి అధికారిక విమాన టపా అది. 1929 మార్చి 30న ఇంపీరియల్ ఎయిర్‌వేస్ అనే బ్రిటిష్ విమాన కంపెనీ లండన్ నుంచి కరాచీకి సర్వీసు మొదలెట్టింది, అదే ఏడాది అక్టోబర్‌లో మన మొదటి ఎయిర్‌మెయిల్ స్టాంపులు వచ్చాయి. 1932 అక్టోబర్ 15న జేఆర్‌డీ టాటా పుస్ మాత్ అనే బుల్లి విమానంలో కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయి జుహూకి టపా తెచ్చాడు, అక్కణ్ణుంచి నెవిల్ విన్సెంట్ అనే పైలట్ దాన్ని బళ్ళారి మీదుగా మద్రాసు తీసుకెళ్ళాడు. మనకి దగ్గర్లో విమానం దిగింది మద్రాసులోనే, బెజవాడ గుంటూరు ఉత్తరాలు అక్కణ్ణుంచి రైల్లో వచ్చేవి, ఇది గుర్తుంచుకోండి కింద మళ్ళీ పనికొస్తుంది. 1938 ఫిబ్రవరిలో ఎంపైర్ స్కీమ్ వచ్చాక బ్రిటిష్ రాజ్యంలోని చాలా దేశాలకి వెళ్ళే ఉత్తరాలు విడిగా ఎయిర్‌మెయిల్ చార్జీ లేకుండానే విమానంలో పోవడం మొదలైంది, అందుకే ఎక్కువమంది ఆ ముందు కాలం కవర్ల మీదే కన్నేస్తారు.

ఇక సామాన్లు. ఐదారొందల్లో అయిపోతుంది, స్టాంపులు పట్టుకోవడానికి చదునుగా ఉండే ట్వీజర్లు (కనుబొమల ట్వీజర్లతో పని చెయ్యకండి, కొన చీల్చేస్తుంది), పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం, అంచు పళ్ళు లెక్కపెట్టే గేజ్, ఓ పెన్సిల్. పెన్ను బల్ల మీద కూడా ఉంచొద్దు.

స్టాంపులు ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి అంటే చవగ్గా ఉన్న వాటి నుంచే. అలహాబాద్ విమానానికి యాభై ఏళ్ళయ్యాయని 1961లో మూడు స్టాంపులు వేశారు, వందేళ్ళయ్యాయని 2011లో ఇంకో సెట్ వేశారు, ఈ రెండూ జేబుకి బరువు కావు. కొత్తవి ఇంటికే రావాలంటే పోస్టాఫీసులో రెండొందల రూపాయలతో ఫిలాటెలిక్ డిపాజిట్ అకౌంట్ తెరవచ్చు. ఆ తర్వాత 1929 సెట్టుకి వెళ్ళండి. ఆరు స్టాంపులు, 2, 3, 4, 6, 8, 12 అణాలు, అన్నింటి మీదా ఐదో జార్జి, పక్కన డి హావిలాండ్ హెర్క్యులిస్ విమానం, నాసిక్ ప్రెస్‌లో అచ్చయినవి. రెండణాలది ముదురు ఆకుపచ్చ నీలం, మూడణాలది నీలం, నాలుగుది ఆలివ్ పచ్చ, ఆరుది మట్టి పసుపు, ఎనిమిది ఊదా, పన్నెండు గులాబీ ఎరుపు. కాగితంలో నక్షత్రాల వాటర్‌మార్క్ ఉంటుంది, వెల్తురికి అడ్డం పెట్టి చూడండి. భూతద్దం పెట్టి కింద చెట్లు కూడా చూడండి, ఒక చెట్టుకి తల లేకుండా అచ్చయిన స్టాంపుని కేటలాగులో విడిగా చూపిస్తారు, దాని రేటే వేరు. ఒక ఆదివారం మధ్యాహ్నమంతా నేను చెట్ల తలలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నా, ఒక్కటీ దొరకలేదు, మా ఆవిడ మాత్రం ఏంటి ఆ స్టాంపుల్లో మొక్కలు నాటుతున్నావా అంది.

ఇక కవర్లు. షాపుల్లో వెతకడం కంటే ముందు మీ ఇంట్లో, మీ అత్తగారింట్లో, గుంటూరు బ్రాడీపేటలో పాత లాయర్ల బీరువాల్లో వెతకండి. గుంటూరు నుంచి పొగాకు ఇంగ్లండుకి పోయేది కాబట్టి ఆ కంపెనీల పాత ఫైళ్ళల్లో లండన్ కవర్లు ఉండే ఛాన్సు బాగా ఉంది, ఇలాంటి లెక్కల కవర్లనే కమర్షియల్ కవర్లు అంటారు. కలెక్టర్లు తమకి తామే పోస్టు చేసుకున్న కవర్ల కంటే నాకివే ఇష్టం, ఎవరూ దాచుకోవాలని రాసినవి కాదు, నిజంగా పనిమీద రాసినవి. పాత కాగితాల కొట్లో తూకానికి కొనే వాళ్ళతో పరిచయం పెంచుకోండి, కట్టలు విప్పేముందు ఒక్క ఫోన్ కొట్టమని చెప్పండి, టీ ఇప్పించండి. కట్ట విప్పాక మాత్రం మీరు ఎంత మొహం వెలిగించుకుంటే రేటు అంత పెరుగుతుంది, కాస్త చూసుకోండి. అక్టోబర్ 9 ప్రపంచ తపాలా దినం దగ్గర్లో స్టాంపుల ఎగ్జిబిషన్లు ఏమన్నా పెడుతున్నారేమో కనుక్కోండి, డీలర్లు అక్కడ దొరుకుతారు.

కవరు చేతికొచ్చాక దాన్ని చదవడం అసలు పని. ముందు వైపు స్టాంపు మీద ముద్ర ఊరు, తేదీ. తర్వాత ఎయిర్‌మెయిల్ లేబులు, చేత్తో రాసిన దారి, ఉదాహరణకి కరాచీ మీదుగా అని. తర్వాత తిప్పి వెనక చూడండి, మధ్యలో ఆగిన ఊళ్ళ ముద్రలు, చేరిన ఊరి ముద్ర అక్కడే ఉంటాయి, వాటి తేదీల మధ్య ఎన్ని రోజులో లెక్కేస్తే విమానంలో వచ్చిందా ఓడలో వచ్చిందా అన్నది చాలా వరకు తేలిపోతుంది. ఎయిర్‌మెయిల్ లేబులు మీద రెండు అడ్డ గీతలు కొట్టేసి ఉంటే ఎవరో పిల్లాడు గీశాడనుకోవద్దు, ఇక్కడితో విమాన ప్రయాణం అయిపోయింది ఇక మామూలు దారిన వెళ్ళమని పోస్టాఫీసు వాళ్ళు వేసిన గుర్తు అది. ఇక్కణ్ణుంచి లండన్ దాకా విమానంలో పోయి, అక్కడ దిగి అమెరికాకి ఓడెక్కిన ఉత్తరాల మీద ఇవి కనపడతాయి.

మరకలున్నాయని, చిరుగులున్నాయని కవరు కడగడాలు, రబ్బరుతో తుడవడాలు పెట్టుకోకండి. కూలిపోయిన విమానాల టపా ఉంటుంది చూశారూ, వాటిల్లో ఆ మరకే సాక్ష్యం. 1966 జనవరిలో ఆల్ప్స్‌లోని మోంబ్లా కొండ మీద కూలిన ఎయిరిండియా కాంచన్‌జంగా విమానంలోని ఒక టపా సంచి 2012లో మంచులోంచి బయటపడింది, అంటే నలభయ్యారేళ్ళు అక్కడే ఉంది.

దొంగ సరుకు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్ళు ఇక్కడే మునుగుతారు. అలహాబాద్ 1911 కవరు చూపించి లక్షల్లో మాట్లాడేవాడు తగిలితే ముందు స్టాంపు మీద ఎవరి తలకాయ ఉందో చూడండి. మన దగ్గర ఐదో జార్జి స్టాంపులు 1911 డిసెంబర్‌లో కదా వచ్చాయి, విమానం ఎగిరిందేమో ఫిబ్రవరిలో, కాబట్టి ఆ కవరు మీద ఏడో ఎడ్వర్డ్ గడ్డం కనపడాలి. ఐదో జార్జి ఉంటే దణ్ణం పెట్టి వచ్చెయ్యండి. స్టాంపు మీద నయాపైసలు ఉంటే అది 1957 తర్వాతది, 1961లో గుర్తుగా వేసిన కవరు అయ్యుంటుంది, దాని మీద కూడా విమానం బొమ్మ, 1911 అన్న అంకె ఉండొచ్చు. అసలైన 1911 కవరు మీద ముద్ర ఎక్కువగా మెజెంటా రంగులో ఉంటుంది, కొండలు, వాటి మీద విమానం. పెద్ద డబ్బు పెట్టేముందు నిపుణుల కమిటీ ఇచ్చే సర్టిఫికెట్ లేకుండా కొనకండి, అమ్మేవాడు మీ బాబాయే అయినా సరే.

దాచడం దగ్గర మన ఊళ్ళది ప్రత్యేకమైన బాధ. రోహిణి కార్తెలో కాగితం అప్పడం అయిపోతుంది, జూలై వచ్చేసరికి కృష్ణ గాలికి అదే కాగితం మెత్తబడి గోధుమ రంగు చుక్కలు తేలతాయి. నేను ఒక కవరుని కాపాడదామని ఫొటోస్టాట్ కొట్లో లామినేషన్ చేయించా, అది ఇప్పుడు ఎవరూ ముట్టుకోని ప్లాస్టిక్ అట్ట. సెల్లో టేపు కూడా అంతే. కవర్లు పెట్టుకోడానికి పీవీసీ ప్లాస్టిక్ తొడుగులు వద్దు, పాలియెస్టర్ తొడుగులు కొనండి, కాస్త ఖరీదే. ఆల్బమ్ నిలబెట్టి ఉంచండి, బీరువాని బాత్రూం గోడకి ఆనించకండి, బూట్ల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు పక్కన పడెయ్యండి. కలరా ఉండలు మాత్రం కాగితానికి తగలనివ్వొద్దు.

చివరిగా ప్రతి కవరుకీ ఒక చీటీ రాసిపెట్టుకోండి, కొన్న రోజు, రేటు, దారి, ముద్రలు. నా దగ్గరున్న వాటిల్లో నాకు బాగా నచ్చినదాని చీటీ ఇలా ఉంటుంది: గుంటూరు నుంచి లండన్, 1933, నాలుగణాల ఆలివ్ పచ్చ ఎయిర్‌మెయిల్ స్టాంపు రెండు, వెనక మద్రాసు ముద్ర, పైన పెన్సిల్‌తో ఎవరో రాసిన బేళ్ళ లెక్క, కాగితాల కొట్లో కేజీ పన్నెండు రూపాయల కట్టలో వచ్చింది.